67 సీట్ల నుంచి 112 సీట్లకి: ఎయిర్ కోస్టా ఎలా లేచింది, ఎక్కడ ఆగింది, మామునూరుకి దాంతో ఏం పని

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి హనుమకొండలో ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "సార్, మనకు ఎయిర్‌బస్ ఎప్పుడొస్తది?" చిన్న విమాన సంస్థలకి రూటు లెక్కలు కట్టడం నా వృత్తి. అందుకే ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ నా దగ్గరికి వస్తుంది. తేదీ నేను చెప్పలేను. వచ్చే విమానం ఎన్ని సీట్లది, ఎవరు నడుపుతారు, ఏ ఊరికి నడుపుతారు అన్నవి నా దృష్టిలో తేదీ కన్నా పెద్ద ప్రశ్నలు. అవి ఎందుకు పెద్దవో తెలియాలంటే పక్క రాష్ట్రంలో పుట్టి, మూడున్నరేళ్లు కూడా నిండకుండా ఆగిపోయిన ఎయిర్ కోస్టాని ఒకసారి విప్పి చూడాలి.

ఆ సంస్థ గురించి మాట వస్తే చాలామంది "ఎక్కేవాళ్లు లేక మూతపడింది" అంటారు. అది నిజం కాదు. దేశంలో విమాన ప్రయాణికులు 2015లో 20 శాతం, 2016లో 23 శాతం పెరిగారు. 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్ల పైన ఉన్న ముడి చమురు 2016 జనవరిలో 30 డాలర్ల దిగువకి పడింది. జనం ఎక్కుతున్నారు, ఇంధనం చవక అయింది. ఇంతకన్నా మంచి కాలం మన దేశంలో విమాన సంస్థకి దొరకదు. సరిగ్గా ఆ కాలంలోనే ఎయిర్ కోస్టా ఆగింది. కేసు మొత్తం ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతుంది.

మొదలు బాగానే ఉంది

విజయవాడకి చెందిన ఎల్‌ఈపీఎల్ గ్రూపు, అంటే లింగమనేని కుటుంబం వాళ్ల రియల్ ఎస్టేట్ సంస్థ, 2013 అక్టోబర్‌లో ఎయిర్ కోస్టాని ఎగరేసింది. మొదట తెచ్చినవి బ్రెజిల్ కంపెనీ ఎంబ్రాయర్ తయారుచేసిన ఈ-170 జెట్లు, ఒక్కోటి 67 సీట్లు. వరసకి నాలుగు సీట్లే, మధ్య సీటు గొడవ లేదు. విజయవాడ, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, విశాఖ, తిరుపతి, కోయంబత్తూరు, జైపూర్, అహ్మదాబాద్. అప్పట్లో గన్నవరం నుంచి ప్రొపెల్లర్ విమానాలే ఎక్కువ. జెట్‌లో వేగంగా, కాస్త దర్జాగా వెళ్లే అవకాశం వచ్చేసరికి డాక్టర్లు, కాంట్రాక్టర్లు, పెళ్లి షాపింగ్‌కి చెన్నై వెళ్లే కుటుంబాలు అటు తిరిగారు.

అప్పటి నిబంధనల ప్రకారం ఇది దక్షిణ ప్రాంతం కేంద్రంగా ఇచ్చిన ప్రాంతీయ లైసెన్సు. ఇక్కడ రెండో స్థాయి నగరాలే బలం కావాలి. ఆ ఎంపిక తప్పని నేను అనను.

అయితే ఎగిరి నాలుగు నెలలు గడిచాయో లేదో, 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్ షోలో ఈ సంస్థ ఎంబ్రాయర్ కొత్త తరం ఈ-2 జెట్లు 50కి ఆర్డర్ ఇచ్చింది. జాబితా ధరల్లో విలువ 294 కోట్ల డాలర్లు. ఇంకో 50 కొనుక్కునే హక్కు కూడా రాయించుకుంది. డెలివరీలు 2018 నుంచి. పేపర్లలో పెద్ద పెద్ద హెడ్డింగులు వచ్చాయి. జాబితా ధరకి ఎవరూ కొనరు, ముందుగా కట్టేది కొంతే, అది నిజమే. అయినా చేతిలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని విమానాలు కూడా లేని సంస్థ ఏటా పది, పన్నెండు జెట్లు దింపుకోవడానికి సంతకం పెట్టిందంటే, అక్కడి నుంచి ప్రతి నిర్ణయమూ "పెద్దగా ఎదగాలి" అన్న వైపే మొగ్గుతుంది. ఆ 50లో ఒక్కటీ రాలేదు.

చిన్న విమానానికి దక్కే రాయితీలు

మామునూరు గురించి వాదించేవాళ్లు ఈ భాగం నిదానంగా చదవాలి. మన దేశంలో విమానం పరిమాణాన్ని బట్టి రెండు గీతలు గీసి ఉన్నాయి. ప్రయాణికులకి కనపడవు. లెక్కలు కట్టేవాళ్లకి పగలూ రాత్రీ కనపడేవి అవే.

మొదటి గీత బరువుది. గరిష్ఠ టేకాఫ్ బరువు 40 టన్నుల లోపు ఉన్న విమానాన్ని షెడ్యూల్డ్ సంస్థ (టైం టేబుల్ ప్రకారం సర్వీసులు నడిపేది) నడిపితే, దానికి పోసే ఏటీఎఫ్‌ని, అంటే విమాన ఇంధనాన్ని, కేంద్ర అమ్మకపు పన్ను చట్టం ప్రత్యేక సరుకుగా చూస్తుంది. రాష్ట్రం దాని మీద వేసే పన్ను ఆ రోజుల్లో 5 శాతం మించకూడదు. 40 టన్నులు దాటితే రాష్ట్రం ఇష్టం. ఆ ఏళ్లలో తమిళనాడు 29 శాతం, కర్ణాటక 28 శాతం వసూలు చేసేవి. ఆంధ్రప్రదేశ్ 16 శాతం నుంచి 1 శాతానికి తగ్గించింది గానీ, విజయవాడలో ఎంత నింపుకున్నా చెన్నై, బెంగళూరుల్లో కూడా నింపుకోక తప్పదు. ఖర్చులో మూడో వంతు దాకా ఇంధనానిదే అయిన వ్యాపారంలో 5కి, 29కి తేడా అంటే ఒక్కోసారి లాభానికి, నష్టానికి ఉన్న తేడా.

రెండో గీత సీట్లది. 80 సీట్ల లోపు విమానానికి దేశీయ సర్వీసుల్లో ల్యాండింగ్ చార్జీ లేదు. రోజుకి ఎనిమిది సార్లు దిగే విమానానికి ఎనిమిది చార్జీలు మిగులుతాయి.

ఈ-170 గరిష్ఠ టేకాఫ్ బరువు రకాన్ని బట్టి 36 నుంచి 38.6 టన్నుల మధ్య. సీట్లు 67. రెండు గీతలకీ లోపలే ఉంది. 2005లో మొదలైన పారామౌంట్ ఎయిర్‌వేస్ కూడా తమిళనాడులో ఇదే ఎంబ్రాయర్ చిన్న జెట్లతో ఈ రాయితీల మీదే నిలబడింది. 2010లో లీజు తగాదాల్లో ఆగింది, ఆ కథ వేరు. జెట్ వేగం, చిన్న విమానం పన్నులు: ఈ రెండూ కలిసి దొరికే చోటు చాలా ఇరుకైనది. ఎయిర్ కోస్టా సరిగ్గా ఆ చోట్లోకి దిగింది.

తర్వాత ఈ-190 తెచ్చింది.

112 సీట్లు

ఈ-190 చూడ్డానికి ఈ-170కి అన్నలా ఉంటుంది. కాక్‌పిట్ ఒకేలా ఉంటుంది, పైలట్‌కి ఒకే టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) సరిపోతుంది. ఎయిర్ కోస్టా అందులో 112 సీట్లు వేసింది. నిండితే ఒక్కో సీటుకి అయ్యే ఖర్చు తగ్గుతుంది. ఎక్సెల్ షీట్‌లో ఇది చాలా అందంగా కనిపిస్తుంది. నా అంచనా ఏమిటంటే, 50 ఈ-2 జెట్ల ఆర్డరు కూడా ఈ వైపే నెట్టింది. అవి వచ్చేలోపు పెద్ద రూట్లు పట్టుకుని ఉండాలి కదా.

కానీ ఈ-190 బరువు 47 టన్నుల పైమాటే. ఇంధనం మీద 5 శాతం పరిమితి పోయింది. సీట్లు 80 దాటాయి, ల్యాండింగ్ చార్జీల మినహాయింపు పోయింది. ఇంజిన్లు రెండింటికీ జీఈ కంపెనీవే అయినా ఒకటి కావు. ఈ-170కి సీఎఫ్34-8ఈ, ఈ-190కి సీఎఫ్34-10ఈ. అంటే స్పేర్లు రెండు రకాలు దగ్గర పెట్టుకోవాలి. పైలట్ ఖర్చులో మిగిలింది స్టోర్ రూములో పోయింది.

సీట్ల లెక్క కూడా చూద్దాం. ఇది నేను ఉదాహరణకి వేస్తున్నది, ఆ సంస్థ పుస్తకాల్లోది కాదు. ఖర్చులు రావాలంటే 70 శాతం సీట్లు నిండాలనుకుందాం. 67 సీట్లకి 47 మంది చాలు. 112 సీట్లకి 78 మంది కావాలి. ఆ అదనపు 31 మందిని తిరుపతిలోనో విజయవాడలోనో రోజూ ప్రతి ఫ్లైట్‌కీ తేలేం. అందుకని విమానాన్ని జనం దండిగా ఉండే మెట్రో రూట్ల మీదికి మళ్లించాల్సి వస్తుంది. అక్కడ ఇండిగో, స్పైస్‌జెట్ సుమారు 180 సీట్ల విమానాలతో గంట గంటకీ ఉన్నాయి. వాళ్లకి ఇంధనం పన్ను అంతే, ల్యాండింగ్ చార్జీలు ఉన్నాయి, కానీ ఆ ఖర్చు 180 మంది మీద పంచుకుంటారు. 112 మంది మీద పంచుకునేవాడు వాళ్ల టికెట్ ధరకే అమ్మాలి. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లేవాడు 200 రూపాయలు తక్కువ ఉన్న టికెట్ కొంటాడు, విమానం ఏ దేశం తయారీ అని చూడడు.

చమురు చవక అవడం ఇక్కడే ఎదురు తిరిగింది. ఇంధనం తగ్గితే పెద్ద సంస్థలు ఆ మిగులుని సీట్లు పెంచడానికీ చార్జీలు దించడానికీ వాడాయి. ఖరీదైన ఇంధనం ఉన్న రోజుల్లో 5 శాతం పన్ను రాయితీ చిన్న జెట్‌కి పెద్ద ఆయుధం. ఇంధనమే చవకైతే ఆ ఆయుధానికి పదును తగ్గుతుంది. ఈ-190తో ఆ ఆయుధం కూడా చేజారింది.

మూడు విమానాలుంటే ఏమవుతుంది

టైం టేబుల్ చూసేవాళ్లకి విమానాల సంఖ్య పట్టదు. లెక్క ఇలా ఉంటుంది: మూడు విమానాలు, ఒక్కోటి రోజుకి ఎనిమిది సర్వీసులు, మొత్తం 24. ఒకటి మొరాయించి నేల మీద ఉండిపోతే ఎనిమిది సర్వీసులు రద్దు, అంటే ఆ రోజు వ్యాపారంలో మూడో వంతు. వంద విమానాలున్న సంస్థకి అదే సంఘటన వందో వంతు. పైగా వాళ్ల దగ్గర స్పేర్ విమానం ఉంటుంది. కోతల సీజన్‌లో ఊరంతటికీ ఒక్క హార్వెస్టరే ఉండి దాని బెల్టు తెగితే మడి మడికీ ఏం జరుగుతుందో పరకాల, నర్సంపేట రైతులకి నేను చెప్పక్కర్లేదు.

మరో కష్టం, ఆ సమయంలో దేశంలో ఈ రకం జెట్లు ప్రయాణికులకి నడిపే సంస్థ ఇంకొకటి లేదు. ఎయిర్‌బస్ ఏ320 లేదా బోయింగ్ 737 అయితే పక్క సంస్థని అడిగి ఒక పార్టు అప్పు తెచ్చుకోవచ్చు. అది మా రంగంలో రోజూ జరిగేదే. ఎంబ్రాయర్‌కి ఆ చుట్టరికం లేదు. పార్టు బయటి దేశం నుంచి రావాలి, కస్టమ్స్ దాటాలి. ఈలోగా విమానం హ్యాంగర్‌లో, ప్రయాణికులు కౌంటర్ దగ్గర. పైలట్లకి సిమ్యులేటర్ ట్రైనింగ్ కోసం కూడా విదేశాలకే పంపాలి.

చిన్న రూట్ల మీద తిరిగే విమానానికి ఇంకో ఖర్చు ఉంది, బయటివాళ్లకి తెలియనిది. లీజుకిచ్చిన సంస్థకి నెల అద్దె మాత్రమే కాదు, మెయింటెనెన్స్ రిజర్వ్ అని విడిగా కట్టాలి. ఇంజిన్‌లో కొన్ని భాగాలకి, ల్యాండింగ్ గేర్‌కి ఆయుష్షు గంటల్లో కాదు, సైకిళ్లలో ఉంటుంది. ఒకసారి లేచి దిగితే ఒక సైకిల్. హైదరాబాద్ నుంచి జైపూర్ వెళ్లినా ఒకటే, విజయవాడ వెళ్లినా ఒకటే. జైపూర్ టికెట్ ధర మాత్రం ఎక్కువ. దగ్గరూళ్లకి జెట్ నడపడం అంటే ఆదాయం తక్కువ వచ్చే చోట అరుగుదల ఎక్కువ పెట్టుకోవడం. అందుకే ఇలాంటి దూరాలకి ఏటీఆర్ లాంటి టర్బోప్రాప్‌లు, అంటే ప్రొపెల్లర్ విమానాలు, పుట్టాయి. చప్పుడు ఎక్కువ, వేగం తక్కువ, ఇంధనం మాత్రం బాగా ఆదా.

అద్దె, రిజర్వ్ రెండూ డాలర్లలో. టికెట్లు రూపాయల్లో. ఈ మాట వేయిసార్లు విన్నదే కాబట్టి వదిలేస్తున్నా.

డబ్బు ఆగిన విధం

2016 ఆగస్టులో లీజు బకాయిల గొడవతో ఎయిర్ కోస్టా సర్వీసులు హఠాత్తుగా ఆగాయి. కొద్ది వ్యవధిలో మళ్లీ మొదలయ్యాయి గానీ, నా దృష్టిలో సంస్థ అసలు ఆగింది ఆ రోజే. 2017 ఫిబ్రవరి 28 అన్నది అధికారిక తేదీ మాత్రమే.

ఎందుకంటే విమాన సంస్థ నడిచేది ముందుగా అమ్మిన టికెట్ల డబ్బుతో. వచ్చే నెల ప్రయాణానికి ఇవాళ తీసుకున్న డబ్బుతో ఇవాళ్టి ఇంధనం పోయిస్తారు. ఒక్కసారి సర్వీసులు ఆగాయని వార్త వస్తే ఏజెంట్లు ఏం చేస్తారు? తర్వాతి నెల టికెట్లు ఆ సంస్థవి అమ్మరు. రీఫండ్ ఇరుక్కుంటే కస్టమర్ ఏజెంటు షట్టర్ ముందుకే వస్తాడు మరి. ముందస్తు అమ్మకాలు పడిపోయాయంటే ఆయిల్ కంపెనీలు అరువు ఆపి రోజు డబ్బు రోజు అడుగుతాయి. విమానాశ్రయాల వాళ్లు డిపాజిట్ పెంచమంటారు. పైలట్లు వేరే చోట ఇంటర్వ్యూలకి వెళ్తారు. వీళ్లలో ఎవరూ దుర్మార్గులు కారు. ఎవరి జాగ్రత్త వాళ్లు పడతారు, అందరూ జాగ్రత్తపడితే సంస్థ చేతిలో డబ్బు ఆడదు.

లీజు సంస్థల చేతిలో కూడా అప్పటికి బలం పెరిగింది. విమానాలు లీజుకిచ్చేవాళ్ల హక్కుల కోసం ఉన్న అంతర్జాతీయ కేప్‌టౌన్ ఒప్పందంలో భారత్ 2008లో చేరింది. 2015లో నిబంధనలు మార్చాక, అద్దె కట్టకపోతే లీజు సంస్థ ముందే రాయించుకున్న పత్రం చూపించి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర విమానం రిజిస్ట్రేషన్ త్వరగా రద్దు చేయించుకోవచ్చు. ఒకప్పుడు కింగ్‌ఫిషర్ విమానాలు విడిపించుకోవడానికి పడ్డ తిప్పలు వాళ్లు మర్చిపోలేదు. బెంగళూరు ఎయిర్ పెగాసస్‌కి 2016 జులైలో అదే జరిగింది. 2015 ఏప్రిల్‌లో మొదలై ఏడాదిన్నర కూడా నడవకుండానే దాని ఏటీఆర్‌లు పోయాయి. పెగాసస్‌వి టర్బోప్రాప్‌లే, గీతలు దాటలేదు. అయినా ఆగింది. చిన్న విమానం ఉంటే బతుకుతారని కాదు, చిన్న విమానం వదిలేస్తే బతకడం ఇంకా కష్టమని మాత్రమే నేను చెబుతున్నది.

ఇంకో విచిత్రం ఉంది. దేశమంతా నడుపుకునే లైసెన్సు ఎయిర్ కోస్టాకి 2016లోనే వచ్చింది. కోరుకున్న కాగితం చేతికొచ్చేసరికి విమానాలు చేజారే పరిస్థితి.

ట్రూజెట్ ఇంకాస్త దూరం వెళ్లింది

ఎయిర్ కోస్టా ఆగిన రెండు నెలలకి, 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకి విమానాలు నడిపించే కేంద్రం పథకం ఉడాన్ కింద మొదటి విమానాలు లేచాయి. సిమ్లా నుంచి ఢిల్లీకి ఒకటి. మిగతా రెండూ మన హైదరాబాద్ నుంచే, కడపకీ నాందేడ్‌కీ. ఆ రెండూ నడిపింది హైదరాబాద్ సంస్థ ట్రూజెట్. 2015 జులైలో ఏటీఆర్-72లతో మొదలైంది, చివరి దాకా ఏటీఆర్‌లు వదల్లేదు.

నాందేడ్ గురించి ఉత్తర తెలంగాణవాళ్లకి ఒక మాట. భైంసా, నిర్మల్ వాళ్లకి శంషాబాద్ కన్నా నాందేడ్ విమానాశ్రయమే దగ్గర. రాష్ట్రం గీత పక్కన పెట్టి చూస్తే మన ఆదిలాబాద్ వైపు జనానికి ఇప్పటికే ఒక విమానాశ్రయం ఉన్నట్టే. ఆదిలాబాద్ ఎయిర్‌ఫీల్డ్ గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క ఎవరూ తీయరు.

ఉడాన్‌లో పద్ధతి ఇది. సుమారు 500 కిలోమీటర్లు, గంట ప్రయాణానికి టికెట్ 2,500 రూపాయలుగా మొదట్లో పరిమితి పెట్టారు. విమానంలో సగం సీట్లు, 40 మించకుండా, ఆ ధరకి ఇవ్వాలి. దానివల్ల వచ్చే లోటుని వీజీఎఫ్ పేరుతో మూడేళ్లు ప్రభుత్వం పూడుస్తుంది. అందులో 20 శాతం రాష్ట్రం వాటా. ఆ మూడేళ్లు ఆ రూటులో పోటీ ఉండదు. ఉడాన్ విమానాశ్రయంలో నింపుకునే ఇంధనం మీద రాష్ట్రం పన్ను 1 శాతానికి తగ్గించాలి.

ట్రూజెట్ ఈ చట్రంలో బీదర్, మైసూరు, జలగావ్, కొల్హాపూర్, పోర్‌బందర్ దాకా వెళ్లింది. ఎయిర్ కోస్టా కన్నా రెట్టింపు కాలం బతికింది. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలన్నీ నేల మీద ఉన్నప్పుడు దాని నడుము విరిగింది. కొత్త పెట్టుబడిదారుల పేర్లు వినిపించాయి, డబ్బు రాలేదు. 2022 ఫిబ్రవరిలో ఆగింది.

కడపలో ఆ తర్వాత జరిగింది చూడండి. 2022 మార్చిలో ఇండిగో అక్కడికి తన ఏటీఆర్‌లతో వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం లోటు పూడుస్తానని ఒప్పుకున్నాక. ఇండిగో 2017 డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి ఏటీఆర్‌లు మొదలుపెట్టింది. ఒక్కోదాంట్లో 78 సీట్లు. 80 కాదు, 82 కాదు, 78. బెళగావి వైపు నుంచి ఎదిగిన స్టార్ ఎయిర్ ఎంబ్రాయర్ ఈ-175లో వేసింది 76. ఎయిర్ కోస్టా వదిలేసిన గీతకి లోపలే వీళ్లంతా జాగ్రత్తగా కూర్చున్నారు. ఊరికి సర్వీసు మిగిలింది, దాన్ని మొదలుపెట్టిన సంస్థ మిగల్లేదు. ఊరి వైపు నుంచి చూస్తే ఇది నష్టం కాదు. పెట్టుబడి పెట్టాలనుకునే మన వరంగల్ వ్యాపారుల వైపు నుంచి చూస్తే మాత్రం ఆలోచించాల్సిన విషయం. సొంత ఎయిర్‌లైన్ పెడదామని ఎవరైనా అంటే నేను వెంటనే వద్దంటాను. ఉన్న సంస్థని మన ఊరికి రప్పించడానికి అందులో పదో వంతు డబ్బు చాలు.

ఇప్పుడు మామునూరు

నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌స్ట్రిప్ ఇది. తర్వాత దశాబ్దాల పాటు ప్రయాణికుల విమానం లేదు. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉండడంతో ఇన్నాళ్లూ ఆగింది. శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక దారి తెరుచుకుంది. ఉన్న 696 ఎకరాలకి తోడు 253 ఎకరాల సేకరణకి రాష్ట్రం 2024 నవంబర్‌లో 205 కోట్లు ఇచ్చింది. రన్‌వేని 2.8 కిలోమీటర్లకి పెంచి ఏ320 దిగేలా చేస్తారు.

రన్‌వే పొడవుగా ఉండటం మంచిదే. రేపు అవసరమైతే తవ్వి పెంచుకోవడం ఇంకా ఖర్చు. కానీ ఏ320 దిగగలదు కాబట్టి ఏ320తోనే మొదలుపెట్టాలని పట్టుబడితే ఎయిర్ కోస్టా దారే. బెంగళూరుకి రోజుకి ఒక రానూపోనూ సర్వీసు అనుకుందాం. 180 సీట్ల విమానం 70 శాతం నిండాలంటే ఒక్కో ఫ్లైట్‌కి 126 మంది, నెలకి 7,560 మంది. అదే 78 సీట్ల ఏటీఆర్‌కి 55 మంది, నెలకి 3,300. ఐటీ ఉద్యోగులు, నిట్ విద్యార్థులు, భూపాలపల్లి, రామగుండం వైపు సింగరేణి, ఎన్టీపీసీ అధికారులు, కరీంనగర్ వ్యాపారులు, ఎనుమాముల మిర్చి ఎగుమతిదారులు: వీళ్లందరినీ కలుపుకుంటే రెండో అంకెకి చేరుతామని నాకు నమ్మకముంది. మొదటి అంకె మొదటి ఏడాదిలో రాదు. రాకపోతే ఆ సంస్థ ఆరు నెలలు చూసి, విమానాన్ని ఇంకో ఊరికి మార్చి, "వరంగల్‌లో డిమాండ్ లేదు" అని రాసి పెడుతుంది. ఆ ముద్ర చెరపడం కొత్త రన్‌వే వేయడం కన్నా కష్టం.

హైదరాబాద్‌కి విమానం అడిగేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతో వాదించను, టైం మాత్రం లెక్కపెట్టమంటాను. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలులో 132 కిలోమీటర్లు. జనవరి 2023 నుంచి విశాఖ వందే భారత్ వరంగల్‌లో ఆగుతోంది. నాలుగు లేన్ల రోడ్డుంది. 40 నిమిషాల ఫ్లైట్ కోసం గంట ముందు మామునూరు వెళ్లి, శంషాబాద్‌లో దిగి మళ్లీ సిటీలోకి గంట ప్రయాణం చేసేవాడు ఉండడు. శంషాబాద్‌లో ఇంకో విమానం ఎక్కేవాళ్లు కొంతమంది ఉంటారు, వాళ్లు చాలరు. మన పోటీ అసలు రైలుతో కాదు. హనుమకొండలో తెల్లవారుజామున రెండున్నరకి టాక్సీ ఎక్కి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి, ఆరున్నర ఫ్లైట్‌కి శంషాబాద్ చేరే ప్రయాణంతో. ఆ టాక్సీ డబ్బులు, ఆ నిద్ర చెడటం, రెండూ మిగిలే రూట్లే మామునూరుకి పనికొస్తాయి: బెంగళూరు, ముంబై, తిరుపతి. బెంగళూరు గగనమార్గంలో 600 కిలోమీటర్ల లోపే, తిరుపతి 500 లోపే. రెండూ ఏటీఆర్‌కి సరిగ్గా సరిపోయే దూరాలు. ముంబై 700 దాటుతుంది, అక్కడ 76 సీట్ల జెట్ అయితే మేలు. ఢిల్లీకి మాత్రం పెద్ద విమానమే కావాలి. అది మొదటి రెండు రూట్లు నిలబడ్డాక అడగాల్సింది.

ఒప్పందాల దశలో రాష్ట్రాన్ని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏటీఎఫ్ పన్ను మామునూరులో ఎంత? ఇంధనం అక్కడే పోస్తారా, లేక తిరుగు ప్రయాణానికి సరిపడా మోసుకొని రావాలా? మోసుకొస్తే ఆ బరువు మేర సీట్లు ఖాళీగా ఉంచాల్సి రావచ్చు. వీజీఎఫ్ గడువు ముగిశాక నాలుగో ఏడాది ఏమిటి? కనీసం ఇన్ని విమానాలున్న సంస్థకే రూటు ఇవ్వాలన్న నిబంధన టెండర్‌లో ఉంటుందా? చివరిది నా దృష్టిలో చాలా ముఖ్యం. తక్కువ సబ్సిడీ అడిగినవాడికే ఇచ్చేస్తే మూడు విమానాల సంస్థ గెలుస్తుంది. ఒకటి చెడిపోయిన రోజు ముందుగా రద్దయ్యేది కొత్త ఊరి సర్వీసే.

వీటన్నిటికన్నా ముందు విమానం నైట్ హాల్ట్ ఎక్కడ అని అడగాలి. బెంగళూరులో ఉంటే మనకి మొదటి సర్వీసు ఉదయం పదింటికి వస్తుంది, పనుల మీద వెళ్లేవాడికి ఆ రోజు పోయినట్టే. మామునూరులోనే ఉంటే ఆరున్నరకి బయలుదేరి, రాత్రి తొమ్మిదింటికి ఇంటికి చేరొచ్చు. దానికి రాత్రి దిగే లైట్లు కావాలి, సిబ్బందికి హనుమకొండలో బస కావాలి, రాత్రంతా పని చేసే ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లు కావాలి. ఏటీఆర్ ఇంజినీర్లు హైదరాబాద్‌లో ఇప్పటికే ఉన్నారు. ఎంబ్రాయర్ అయితే కొత్తగా తేవాలి.